మడిచిన పేజీ

పోయిన ఆదివారం వాన పడుతూంటే కిటికీ పక్కన కూర్చుని, ఒక పాత తెలుగు నవల గురించి జనం ఇంటర్నెట్‌లో రాసిన అభిప్రాయాలు చదివాను. ఉన్నవన్నీ చదివాను. టీ చల్లారిపోయింది. మళ్ళీ పెట్టుకుని మళ్ళీ మర్చిపోయాను.

నవల పేరు చెప్పను. మా అమ్మానాన్నల తరంలో చాలామంది బళ్ళో ఉండగానే చదివిన పుస్తకమే. ఒక పల్లెటూరి కుర్రాడు దొరల కొలువులో చేరి పెద్దవాడినైపోతానని కోటు కుట్టించుకుని రేవుపట్నం పోతాడు. కొలువు దొరకదు. దొరికిందని ఇంటికి ఉత్తరాలు రాస్తాడు. ఒక ముసలావిడ ఇంట్లో గది అద్దెకు తీసుకుని, రోజూ పొద్దున్నే కోటు తొడుక్కుని, ఆవిడ సర్దిచ్చిన క్యారియర్ పట్టుకుని ఆఫీసుకని బయల్దేరతాడు. రేవులో ఇసుక మీద కూర్చుని తినేసి, సాయంత్రం తిరిగొచ్చి, దొర తనని ఎలా మెచ్చుకున్నాడో ఆవిడకి చెప్తాడు. ఈ అధ్యాయానికి తరాల తరబడి అందరూ పడీ పడీ నవ్వుతున్నారు.

ఇప్పుడు కొత్త ముద్రణ వచ్చింది. దాని కింద రాసినవాళ్ళూ నవ్వారు. 'నవ్వలేక చచ్చాను' అని ఒకరు. 'మా తాతయ్య చదివి వినిపించేవారు' అని ఒకరు. 'మొదటి సగం సూపర్, తర్వాత సాగదీశారు' అని ఇంకొకరు. ఇంకెవరో పుస్తకం రెండు రోజులు లేటుగా వచ్చిందని ఒక స్టార్ తగ్గించారు. 'నాకు నవ్వు రాలేదు' అని మాత్రం ఒక్కరూ రాయలేదు. అన్నీ చదివింది ఆ ఒక్క మాట కోసమే.

నాకప్పుడు పదకొండేళ్ళు. అమెరికాలో, బాతెల్ అనే ఊళ్ళో ఒక అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో ఉండేవాళ్ళం. మూడంతస్తుల చెక్క బిల్డింగులు, మెట్ల మీద ఎప్పుడూ ఆరని నాచు, వెనకాల ఆకాశం కనిపించకుండా నిలబడ్డ, దేవదారు లాంటి ఫర్ చెట్లు. సాయంత్రం ఆరయ్యేసరికి ఒక్కో తలుపు కింద నుంచి ఒక్కో తాలింపు వాసన బయటికొచ్చేది. కారిడార్‌లో నడుస్తూ ఎవరింట్లో ఏ కూరో చెప్పేదాన్ని. ఇంగువ గట్టిగా వస్తే మూడో నంబర్. చేప వాసనతో పాటు వెనిల్లా కొవ్వొత్తి వాసన కూడా వస్తే అది మాదే. మేనేజర్‌కి ఎవరైనా కంప్లయింట్ చేస్తారని అమ్మ భయం, అందుకని వెలిగించేది. ఆ కాంప్లెక్స్ ఇప్పుడు లేదు. కొట్టేసి అద్దాల బిల్డింగ్ కట్టారు. కింద ఒక జిమ్ ఉంది. ఆ దారిన కారులో వెళ్ళినప్పుడల్లా అద్దం దించుతాను. ఏ వాసనా రాదు.

అక్కడ ఆరు తెలుగు కుటుంబాలుండేవి. ఆరిళ్ళకీ కలిపి ఆ నవల ఒకటే కాపీ. అది పుస్తకాల ఆంటీది. పిల్లలం పెద్దవాళ్ళకి అలాగే పేర్లు పెట్టుకునేవాళ్ళం. ఏ ఫంక్షన్‌లోనైనా మైక్ పట్టుకునే ఆయన మైక్ అంకుల్. ఇంటి నిండా పుస్తకాలున్న ఆవిడ పుస్తకాల ఆంటీ. ఆవిడ భర్తకి పేరు పెట్టే అవసరం రాలేదు. ఆయన నవ్వు పార్కింగ్ లాట్ దాకా వినిపించేది. అంకుల్ అంటే చాలు, ఆయనే.

పుస్తకాల ఆంటీకి పిల్లల్లేరు, ఉద్యోగం చేసే వీసా లేదు. ఇండియాలో కాలేజీలో తెలుగు చెప్పేదట. ఇక్కడ చెప్పడానికి నేనే దొరికాను. మంగళ, గురువారాల్లో బడి బస్సు దిగి తిన్నగా వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. నెయ్యి రాసిన బ్రెడ్ మీద పంచదార చల్లి పెట్టేది. తను వేలు పెట్టి చూపించిన లైను నేను చదవాలి. తప్పు చదివితే ఏమీ అనేది కాదు, ఆ వేలు కదిలేది కాదు, అంతే. సరిగ్గా చదివేదాకా అక్కడే ఉండేది. రెండేళ్ళలో నాకు చదవడం బాగా వచ్చేసింది. అర్థం కావడం మాత్రం ఆలస్యం. నోరు ముందు వెళ్ళేది, అర్థం ఒకటి రెండు వాక్యాల వెనక నడిచొచ్చేది. నాతో పాటు ఇక్కడ పుట్టి తెలుగు నేర్చుకున్న పిల్లలందరికీ ఈ అనుభవం ఉండే ఉంటుంది. అక్షరాలు మనవే, మాటలే వేరేవాళ్ళవి.

ఆ చలికాలం ఆ నవల ఇల్లిల్లూ తిరిగింది. నెలకి మూడు అధ్యాయాలు. ఒక్కో ఇంట్లో నాలుగైదు రోజులు. గోధుమరంగు గుడ్డ సంచిలో పుస్తకం, ఒక రూళ్ళ నోట్‌బుక్, ఒక స్టీల్ డబ్బా ఉండేవి. డబ్బా ఖాళీగా వెళ్ళకూడదు. జంతికలో, సున్నుండలో వేసి పంపాలి. చదివినవాళ్ళు తమకేమనిపించిందో నోట్‌బుక్‌లో రాయాలి, పేరు రాయకూడదు. నెలాఖరు శనివారం మధ్యాహ్నం అందరూ ఒకరింట్లో చేరి, తలా ఒక వంటకం తెచ్చుకుని, రాసినవి బయటికి చదివించుకుని, ఏది ఎవరు రాశారో కనిపెట్టాలి. ఈ ఆట పెట్టింది అంకుల్. ఇంకో నియమం పెట్టింది ఆంటీ. "రాయాలనిపించి, వినిపించకూడదనిపిస్తే ఆ పేజీ సగానికి మడిచేయండి. మడిచింది ఎవరూ తీయద్దు."

సంచి మోసేదాన్ని నేనే. మెట్ల మలుపులో ఆగి డబ్బాలోంచి ఒకటి తినడం నా కూలి. నోట్‌బుక్ కూడా అక్కడే చదివేదాన్ని. పేర్లు లేకపోయినా నాకు అన్నీ తెలిసిపోయేవి. గోంగూర మరక ఉంటే మూడో నంబర్ ఆంటీ. అంకెలేసి రాస్తే మా నాన్న. ఒకసారి మైక్ అంకుల్ రాసినదానికి నా ఎర్ర పెన్నుతో తప్పులు దిద్ది పదికి ఆరు మార్కులేశాను. ఆ శనివారం ఆయన నోట్‌బుక్ పైకెత్తి, "చూడుండ్రి, ఎవరో పంతులమ్మ నన్ను ఫెయిల్ జేసింది" అన్నారు. "ఆరు పాసే కదా!" అని నోరు జారాను. గదంతా నవ్వింది. బళ్ళో లంచ్ టేబుల్ దగ్గర కూడా మాట్లాడలేని నన్ను చూసి అంతమంది నవ్వడం అదే మొదలు. నా మీద కాదు, నాతో. ఆ రోజు నుంచి నోట్‌బుక్ చదివే పని నాకిచ్చారు. నా అమెరికా యాసలో 'ళ' పలకడం వాళ్ళకి సరదా. నాకేమో చప్పట్లు.

మడిచిన పేజీలు ఒకటి రెండు ఎప్పుడూ ఉండేవి. చదువుతూ చదువుతూ వాటిని దాటించేసేదాన్ని. ఆంటీ ఒకసారి సంచి ఇస్తూ, "మడిచినవి నువ్వు తీయవు. నాకు తెలుసు" అంది. అడగలేదు, చెప్పింది.

రేవు అధ్యాయం వచ్చిన నెల వానలు మరీ ఎక్కువ. మా కాపీలో ఆ అధ్యాయానికి చివరి పేజీ లేదు. ఆంటీ వాళ్ళ నాన్నగారు పాత పుస్తకాల షాపులో కొన్నప్పుడే లేదట. కుర్రాడు సాయంత్రం ఇంటికొచ్చి ఖాళీ క్యారియర్ ఆవిడ చేతికిస్తాడు. అక్కడితో ఆగిపోతుంది. తర్వాత తిన్నగా కొత్త అధ్యాయం.

"ఏముండేది ఆంటీ అందులో?"

"ఏమో. మా నాన్నకీ తెలీదు, నాకూ తెలీదు. చిన్నప్పుడు రోజుకో రకంగా అల్లుకునేదాన్ని."

"ఇప్పుడు?"

"ఇప్పుడు ఏమీ లేదేమో అనిపిస్తుంది. ఆవిడ క్యారియర్ కడిగేసి ఉంటుంది. అంతే అయ్యుంటుంది."

ఆ నెలలోనే టీచర్లకి ఏదో ట్రైనింగ్ అని మాకు బుధవారం సెలవిచ్చారు. అమ్మకి ఆఫీసు. ఆంటీకి డ్రైవింగ్ రాదు, ఇద్దరం బస్సులో లైబ్రరీకి బయల్దేరాం. ఒకే గొడుగు. తడిసిన నా జాకెట్ కుక్కపిల్ల వాసనొస్తోందని ఆంటీ నవ్వుతోంది. లైబ్రరీ పార్కింగ్ లాట్ చివర, చెట్ల కింద, వెనక డోర్‌కి సొట్ట ఉన్న బూడిదరంగు కారు ఆగి ఉంది. అద్దాలకి లోపల ఆవిరి పట్టింది. డ్రైవర్ సీట్లో ఎవరో తల వంచుకుని తింటున్నారు.

"అంకుల్ కార్ కదా?" అన్నాను.

ఆంటీ ఆగిపోయింది. నవ్వు మొహం అలాగే ఉంది, నవ్వు మాత్రం లేదు. గొడుగు కిందికి వంచింది. దాని అంచు నా కళ్ళకి అడ్డం వచ్చింది.

"కాదమ్మలూ. అలాంటిదే."

"But ఆ డెంట్..."

"అంకుల్ ఆఫీసులో ఉంటారు కదా ఈ టైమ్‌కి. పద, ఇవాళ లైబ్రరీ వద్దు. డోనట్ తిందాం."

డోనట్ షాపులో నాకు రెండు కొనిపెట్టింది. తను ఏమీ తినలేదు. కిటికీలోంచి వాన చూస్తూ, ఉన్నట్టుండి, "పెరుగన్నం ఎన్ని గంటలకి పులుస్తుంది, కార్లో పెడితే?" అంది. నాకేం తెలుసు? చలికాలం పులవదు అన్నాను. నిజమే అంది.

ఆ నెలాఖరు శనివారం మూడో నంబర్లో చేరాం. హీటర్ వేడి, తడి బూట్లు, అల్యూమినియం ట్రేల్లో పులిహోర, మిరపకాయ బజ్జీలు. బెడ్‌రూమ్‌లో మంచం మీద కోట్ల గుట్ట. మగవాళ్ళు సోఫా దగ్గర రోజూ మాట్లాడేవే మాట్లాడుతున్నారు.

"మీది గ్రీన్ కార్డ్ ఐ-వన్ ఫార్టీ అప్రూవ్ అయ్యిందా?"

"అయ్యి ఏం లాభం సార్, డేట్ కదలద్దా?"

"మా టీమ్‌ల లేఆఫ్స్ అంటున్నరు. మీ దగ్గరెట్లుంది?" మైక్ అంకుల్ అడిగారు.

"మా మేనేజర్ నన్ను వదలడండీ," అన్నారు అంకుల్, బజ్జీ చల్లార్చుకుంటూ. "నిన్న కూడా వన్ ఆన్ వన్‌లో, నువ్వు లేకపోతే ఈ ప్రాజెక్ట్ ఏమైపోయేదో అన్నాడు." అని ఆ నవ్వు నవ్వారు. అందరూ నవ్వారు. ఆంటీ కాగితం ప్లేట్లు విడదీస్తోంది. అవి అంటుకుపోయి ఉన్నాయి.

నేను చదవడం మొదలుపెట్టాను. ఆ నెల అందరూ రేవు అధ్యాయం గురించే రాశారు. 'ఇలాంటి బడాయి మేళం మా ఆఫీసులో కూడా ఉన్నాడు, పేరు చెప్పను' అని ఒకటి. చదవగానే కేకలు. కుర్రాడి తెలివికి మెచ్చి ఇంకొకటి. మైక్ అంకుల్ పోయిన పేజీ కథ తానే కల్పించి రాశారు. అందులో దొర నిజంగానే ఇంటికొచ్చి, 'నేను రోజూ మెచ్చుకుంటున్నానట, ఎవరా కుర్రాడు?' అని ఆ ముసలావిణ్ణి అడుగుతాడు. గది గదంతా ఊగిపోయింది. అందరికంటే ఎక్కువ నవ్వింది అంకులే. కళ్ళు తుడుచుకున్నారు. నేను మధ్యలో నిలబడి ఉన్నాను. చెంపలు వేడెక్కాయి. అంత సంతోషం నాకు అలవాటు లేదు.

తర్వాత ఏమీ మిగల్లేదు. పేజీ తిప్పితే మడిచిన కాగితం.

"అయిపోయిందా? అప్పుడేనా?" అన్నారెవరో. "ఇంకొక్కటి చదువు బిడ్డా!" అన్నారు మైక్ అంకుల్.

అది మడిచి ఉందని నాకు తెలుసు. మడిస్తే ఏమిటో తెలుసు. చేతిరాత ఎవరిదో కూడా తెలుసు. రెండేళ్ళుగా చూస్తున్నదే. తెలియక చేశానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. కానీ ఆ క్షణంలో నాకు ఇంకొక్క నవ్వు కావాలి. విప్పి చదివాను.

"క్యారియర్ పట్టుకుని కుర్రాడు రేవుకి వెళ్ళే అధ్యాయం చదివి అందరూ నవ్వి ఉంటారు. నాకు నవ్వు రాలేదు. మా ఇంట్లో కూడా రోజూ పొద్దున్నే లంచ్ సర్దుతున్నాను. అది ఆఫీసుకి వెళ్ళడం లేదని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకి తెలీదు."

ఇక్కడ ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. నేను ఆగలేదు. అర్థం నా వెనక ఎక్కడో ఉంది.

"సాయంత్రం ఆఫీసు కబుర్లు చెప్తారు. ఊఁ కొడతాను. ఈ నవలలో అబద్ధం ఆడేవాడి అవస్థ రాశారు. నమ్మినట్టు ఉండేవాళ్ళ అవస్థ ఎవరూ రాయలేదు. పెరుగన్నంలో దానిమ్మ గింజలు వేస్తున్నాను, ఆయనకిష్టమని. లైబ్రరీ ముందు కార్లో ఒక్కరూ కూర్చుని తినేటప్పుడు కనీసం అవైనా తగలాలని."

లైబ్రరీ అన్న మాట దగ్గర నాకు వెనకనుంచి అర్థం వచ్చి తగిలింది. సొట్ట కారు. గొడుగు అంచు. కానీ చదవడం అప్పటికే అయిపోయింది.

వంటింట్లో రైస్ కుక్కర్ టప్పుమని కీప్ వార్మ్‌లోకి మారిన చప్పుడు వినిపించింది. పాపం మైక్ అంకుల్‌కి ఆ నిశ్శబ్దం భరించడం రాలేదు. "ఎవరిదబ్బా ఇది? నువ్వు చెప్పు బిడ్డా, నీకు చేతిరాత తెలుస్తది గదా."

నేను ఆంటీ వైపు చూశాను. ఆవిడ నా వైపు చూడటం లేదు. అంకుల్ వైపు చూస్తోంది. అంకుల్ చేతిలో బజ్జీ ప్లేటు వంగి, చట్నీ ఆయన చొక్కా మీదికి జారుతోంది. ఆయనకి తెలీడం లేదు.

"నాకు తెలీదు," అన్నాను. ఆంటీ నేర్పిన తెలుగులో నేను ఆడిన మొదటి అబద్ధం అదే.

అప్పుడు అంకుల్ నవ్వారు. ఎప్పటిలాంటి నవ్వే, పార్కింగ్ లాట్ దాకా వినపడేదే. "ఎవరో గానీ భలే రాశారండీ. కథ అంటే ఇలా కల్పించాలి. రేపు పత్రికకి పంపించేయచ్చు." అందరూ ఊపిరి పీల్చుకుని, అవునవును, భలే కల్పన అన్నారు. మా అమ్మ గబగబా పాయసం గిన్నెలు పంచడం మొదలుపెట్టింది. అంకుల్ పాయసం మొత్తం తిన్నారు. తిని, ఆంటీ దగ్గరికెళ్ళి, "వెళ్దామా?" అన్నారు.

"ఊఁ," అంది ఆంటీ.

వాళ్ళు తెచ్చిన పులిహోర ట్రే సగం కూడా అవలేదు. మర్చిపోయి వెళ్ళారు.

మెట్లు దిగుతూ అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మడిచింది ఎందుకు తీశావే?"

"దానికేం తెలుసు, చిన్నపిల్ల," అన్నారు నాన్న.

"తెలుసు," అన్నాను. వాళ్ళు వినిపించుకోలేదు. నాన్న వేళ్ళు లెక్కపెడుతున్నారు. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకొకటి చూసుకోవాలి, లేదా దేశం వదలాలి. అది మా ఇంట్లో చంటిపిల్లలకి కూడా తెలిసిన లెక్క. "ఎన్నాళ్ళయిందో! ముందే చెప్తే రెజ్యూమే ఫార్వర్డ్ చేసేవాళ్ళం కదా. నలుగురం ఉన్నాం. ఎందుకు దాచడం?"

"మీరైతే చెప్పేవారా?" అంది అమ్మ.

నాన్న మళ్ళీ మొదటి వేలి నుంచి లెక్కపెట్టారు.

ఆ వారం మగవాళ్ళందరూ ఫోన్లు చేశారు. అంకుల్ ఎత్తలేదు. ఎత్తినా పెద్దగా లాభం ఉండేది కాదని తర్వాత తెలిసింది. అప్పటికి తొమ్మిది రోజులే మిగిలాయట. మంగళవారం నేను బస్సు దిగి ఎప్పటిలా ఆంటీ వాళ్ళ తలుపు దాకా వెళ్ళాను. లోపల మాటలు వినిపించాయి. మామూలు గొంతులే, పోట్లాట కాదు. ఎవరో ఏడుస్తున్నారు. ఆంటీ కాదు. గుమ్మంలో చెప్పుల పక్కన కాసేపు నిలబడి ఇంటికొచ్చేశాను.

తర్వాత వాళ్ళ తలుపు మీద సామాన్లు అమ్మేస్తున్నట్టు మూవింగ్ సేల్ కాగితం కనిపించింది. పుస్తకం సంచి అప్పటికి మా ఇంట్లోనే ఉంది. తిరిగిచ్చి రమ్మని అమ్మ డబ్బాలో అరిసెలు వేసింది. వెళ్ళేముందు నోట్‌బుక్ తీసి, ఆ పేజీని జాగ్రత్తగా చింపాను. పాత మడత మీదే మళ్ళీ మడిచి, నవలలో పేజీ పోయిన చోట పెట్టాను. అలా చేస్తే విప్పనట్టే అవుతుందని పదకొండేళ్ళ బుర్రకి తోచింది.

వాళ్ళిల్లు బోసిగా ఉంది. పుస్తకాల బీరువాలు ఎవరో తీసుకెళ్ళిపోయారు. కార్పెట్ మీద వాటి కాళ్ళ గుంటలు మాత్రం ఉన్నాయి. అంకుల్ నేల మీద కూర్చుని గ్లాసులు న్యూస్‌పేపర్‌లో చుడుతున్నారు. కోటు లేదు, ఆఫీసు బ్యాగ్ లేదు. చిన్నవాడిలా కనిపించారు.

"రా పంతులమ్మా," అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆయన కంగారుపడిపోయారు. ఏడవకు అనలేదు. కాసేపు గ్లాసు చుడుతూనే ఉండి, "ఆ నవల పెద్దయ్యాక మళ్ళీ చదువు. నవ్వొస్తే నాకు చెప్పు. రాకపోతే మీ ఆంటీకి చెప్పు. సరేనా?" అన్నారు.

ఆంటీ వంటింట్లోంచి వచ్చి సంచి తీసుకుంది. అరిసెలు బయటికి తీసి, ఖాళీ డబ్బా తుడిచి, దానిలో పంచదార పోసి నా చేతికిచ్చింది. ఖాళీగా పంపకూడదు కదా. సారీ అని తెలుగులో ఎలా చెప్పాలో నాకు ఆవిడ నేర్పలేదు. ఇంగ్లీషులో చెప్తే చాలదనిపించింది. డబ్బా పట్టుకుని బయల్దేరాను. ఆంటీ గుమ్మం దాకా వచ్చి నా గడ్డం పట్టుకుంది.

"ఆ రోజు ఒక్క తప్పు లేకుండా చదివావే," అంది.

కోపంగా అనలేదు. మెచ్చుకోలుగా కూడా అనలేదు. గురువారం పూట వేలు తీసి తర్వాతి లైను మీద పెట్టేటప్పటి గొంతే. ఇన్నేళ్ళుగా ఆ మాటని తిప్పి తిప్పి చూస్తున్నాను. ఇప్పటికీ నాకది అందలేదు.

వాళ్ళు కెనడా వెళ్ళారని నాన్న అంటారు. కాకినాడ వెళ్ళారని అమ్మ అంటుంది. ఫోన్ నంబర్లు మారిపోయాయి. ఆ నెలాఖరు శనివారం ఎవరూ చేరలేదు, ఆ తర్వాత నెల కూడా. చేరదాం అని ఎవరూ అనలేదు. మెల్లిగా తలా ఒక ఊళ్ళో ఇల్లు కొనుక్కుని వెళ్ళిపోయారు. ఇప్పుడందరూ ఒక వాట్సాప్ గ్రూప్‌లో ఉన్నారు. పండగలకి పూల బొమ్మలు పంపుకుంటారు. మైక్ అంకుల్ కూతురి పెళ్ళిలో కలిసినప్పుడు ఆయన నన్ను పక్కకి పిలిచి, "ఆ దినం నేను అడగకుండ ఉండాల్సింది బిడ్డా" అన్నారు. ఆ తప్పుని ఆయన కూడా మోస్తున్నారని నాకప్పటిదాకా తెలీదు.

నేను డైరీ రాయడం మొదలుపెట్టింది ఆ చలికాలమే. తెలుగులోనే రాస్తాను. మంగళ, గురువారాల్లో రాస్తూంటే ఆ లైను మీద ఆంటీ వేలు ఉన్నట్టే ఉంటుంది. తప్పు రాస్తే అది కదలదు. రాసిన ప్రతి పేజీ సగానికి మడిచేస్తాను. నా డైరీలు మామూలు పుస్తకాలకి రెండింతలు లావుంటాయి, సరిగ్గా మూసుకోవు.

నవల మాత్రం మళ్ళీ చదవలేదు. అంకుల్‌కి చెప్పాలో ఆంటీకి చెప్పాలో తేల్చుకోవాల్సి వస్తుందని భయం. ఆ ఆదివారం అభిప్రాయాలన్నీ అయిపోయాక, అక్కడే బటన్ నొక్కి కొత్త పుస్తకం తెప్పించుకున్నాను. గురువారం వచ్చింది. తిన్నగా రేవు అధ్యాయం తీశాను.

నవ్వొచ్చింది. కోటు గుండీ తెగి ఇసుకలో వెతుక్కునే చోట బయటికే నవ్వాను. ఒక్కదాన్నే ఇంట్లో, ఎవరో విన్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. తర్వాత కుర్రాడు ఇంటికొచ్చి, క్యారియర్ ఆవిడ చేతికిచ్చాడు. మా కాపీ ఆగిపోయేది ఇక్కడే. పేజీ తిప్పాను.

ఉంది. కొత్త ముద్రణలో ఆ పేజీ ఉంది. చాలా చిన్నది, అర పేజీ కూడా లేదు. దొర మెచ్చుకున్న సంగతి కుర్రాడు చెప్తూ ఉంటాడు. ముసలావిడ ఊఁ కొడుతూ క్యారియర్ విప్పుతుంది. అడుగు గిన్నె కింద ఇసుక. ఆవిడ పెరట్లోకి వెళ్ళి, అతనికి కనిపించకుండా దులిపి, గిన్నెలు కడిగి బోర్లిస్తుంది. రోజూ దులుపుతోందని రచయిత ఒక్క వాక్యంలో చెప్పి, వెంటనే వేరే హాస్యంలోకి వెళ్ళిపోతాడు.

అంటే రాశారు. నమ్మినట్టు ఉండేవాళ్ళ అవస్థ రాశారు, ఆంటీ. మీ నాన్నగారు కొన్న పుస్తకంలో ఆ పేజీ లేదు. మీరు అనుకున్నట్టే, ఆవిడ క్యారియర్ కడిగేసింది.

ఆ వెబ్‌సైట్‌లో 'మీ అభిప్రాయం రాయండి' అని ఒక గడి ఉంటుంది. ఇంతవరకు ఎక్కడా ఎప్పుడూ రాయలేదు. నలుగురిలో నోరు విప్పడం నాకు ఆ రోజు తర్వాత మళ్ళీ చేతకాలేదు. అక్కడ పేజీ మడిచే వీలు కూడా లేదు. కెనడాలోనైనా కాకినాడలోనైనా ఎవరైనా చూడచ్చు. చాలాసేపు కూర్చున్నాను. తర్వాత తెలుగులో రెండు లైన్లు టైప్ చేసి, ఎన్ని స్టార్లని అడిగితే ఖాళీ వదిలేసి, పంపేశాను.

'రేవు అధ్యాయం చివరి పేజీ పోయిన పాత కాపీ మీ దగ్గరుంటే, ఆ పేజీలో ఇది ఉంది: ఆవిడకి రోజూ క్యారియర్ అడుగున ఇసుక కనిపించేది. నవ్వొచ్చింది అంకుల్, ఈ పేజీ దాకా.'